ఉండాలనే ఉందండి

ఏ దేశంలోకైనా వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు గుమ్మం దగ్గర మనిషిని దొంగని చూసినట్టు చూస్తారు. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, ఎక్కడ పడుకుంటావు, తిరుగు టిక్కెట్టుందా, అసలు మీ ఊళ్ళో నీకేం తక్కువైంది అని ఆరా తీస్తారు. తిరిగి వెళ్ళిపోయేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అడగరు. పోయేవాడితో ఎవరికేం పని? మొహం ఓసారి, ఫొటో ఓసారి చూసి, ఠపీమని ముద్ర కొట్టి పొమ్మంటారు. లోకమంతా ఇదే వరస కాబట్టి కొరాలియా కూడా అంతేననుకున్నారు అంబాజీపేట కొబ్బరి వర్తకుడు గొలకోటి వీరరాఘవులు గారు. టూరు ఏజెంటు కూడా ఆయనకి అలాగే చెప్పాడు.

కొరాలియా అంటే నడి సముద్రంలో ఒక ద్వీపం. కొబ్బరి తప్ప ఇంకోటి పండదు. అందుకని కొబ్బరి వర్తకుల సంఘం అక్కడికి అధ్యయన యాత్ర పెట్టుకుంది. అధ్యయనం అంటే తెలిసిందే కదా, పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బీచి. రాఘవులు గారికి అసలు రావాలని లేదు. ఇంట్లో ఆవిడ మంగతాయారుకి గుండెలో వాల్వు మార్చాలి. ఆవిడ భయంతో ఇప్పటికే రెండుసార్లు ఆపరేషను బల్ల దాకా వెళ్ళి దిగొచ్చేసింది. ఇంకోసారి వాయిదా వేస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని కాకినాడ డాక్టరు గారు చెప్పేశారు కూడా. అయినా సంఘం ప్రెసిడెంటు ఇంటికొచ్చి, "మీరు లేకపోతే ఎలాగండీ" అంటే ఈయన కాదనలేకపోయారు. కాదనడం ఆయనకి పుట్టుకతో రాదు. "నువ్వు బల్లెక్కే పొద్దుటికి నీ ఎదురుగా ఉంటానే" అని ఆవిడకి మాటిచ్చి విమానం ఎక్కారు. ఆ పొద్దున్న రేపే. మాట దక్కాలంటే ఈ మధ్యాహ్నం విమానం అందాలి. ఇది పోతే మళ్ళీ విమానం ఎల్లుండికి గానీ లేదు.

కొరాలియా విమానాశ్రయంలో బయటికెళ్ళే గుమ్మం దగ్గర గాజు గది, అందులో ఒక కుర్ర ఆఫీసరు, అతని ముందు ఒక నల్ల డబ్బా. వాళ్ళ భాషని అది తెలుగు చేస్తుంది, మన తెలుగుని వాళ్ళ భాష చేస్తుంది. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, దానికి తెలుగు నేర్పినవాడెవడో గవర్నమెంటు ఉత్తర్వులు బట్టీ పట్టించి నేర్పినట్టున్నాడు.

ముందు తోటి వర్తకుడు సలాది సత్తిపండు వెళ్ళాడు. వాడి నోటినిండా కిళ్ళీ ఉంది. డబ్బా ఏదో అడిగింది. "ఊఁ" అన్నాడు. ముద్ర పడింది. వాడి వెనకాల వెళ్ళిన ప్రెసిడెంటు గారు ఆవులించారు. దానికీ ముద్ర పడింది. తర్వాత రాఘవులు గారు పంచె సర్దుకుని, ఆఫీసరుకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. కొంప మునగడం అక్కడే మొదలైంది.

"అతిథి మహాశయా! తమరు మా భూభాగమును వీడి నిర్గమించుచున్నట్లు మా దృష్టికి వచ్చియున్నది. ఇచ్చట మరికొంత కాలము ఉండవలెనన్న అభిలాష తమకు కలదా?" అంది డబ్బా.

కోనసీమలో ఈ ప్రశ్నకి ఒకటే జవాబు. చుట్టాలింటి నుంచి బయల్దేరుతుంటే ఇంటివాళ్ళు వీధి గుమ్మం దాకా వచ్చి, "ఇంకో రెండ్రోజులుండి వెళ్ళకూడదూ" అంటారు. "ఉండాలనే ఉందండి, ఏం చేస్తాం, వెళ్ళక తప్పదు" అంటాం మనం. అడిగినవాళ్ళకి మనం ఉండిపోతామన్న భయమూ లేదు, మనకి ఉండాలన్న సరదా అంతకన్నా లేదు. ఇలా కాక ఇంకోలా జవాబు చెప్పినవాడికి పెంపకం లేదని ఊరంతా చెప్పుకుంటుంది.

"అయ్యో, ఎంతమాటండీ! ఉండాలనే ఉందండి. ఏం చేస్తాం, వెళ్ళక తప్పదు కదండీ," అన్నారు రాఘవులు గారు, నవ్వు మొహంతో.

ముద్ర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. కుర్రాడు లేచి నిలబడి టోపీ తీసేశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిర్బంధ నిర్గమనము!" అని అరిచింది డబ్బా.

ఎక్కడి నుంచో ఇద్దరమ్మాయిలొచ్చి రాఘవులు గారి మెళ్ళో పూలదండ వేసి, చేతికి ఎర్ర రిబ్బను కట్టి, చెరో రెక్కా పట్టుకుని లోపలికి నడిపించుకుపోయారు. గాజు గోడ అవతల సత్తిపండు కిళ్ళీ మింగేసి మరీ, "ఏవైందండీ? ఏవన్నారండీ?" అని చేతులు తిప్పుతున్నాడు.

ఏం జరిగిందంటే, ఆ మధ్య కొరాలియా వాళ్ళకి మర్యాదల పిచ్చి పట్టింది. అతిథుల్ని ఎవరు బాగా చూస్తారని ఏదో ప్రపంచ సభలో దేశాలకి ర్యాంకులిస్తే, వీళ్ళు కిందినుంచి రెండో స్థానంలో నిలిచారు. అట్టడుగున వచ్చిన దేశంలో ఆ ఏడాది యుద్ధం జరుగుతోంది. అది తీసేస్తే వీళ్ళే ఆఖరు. దాంతో పరువు పోయిందని పార్లమెంటు రాత్రింబవళ్ళు కూచుని ఒక చట్టం చేసింది. మనసొప్పకుండా ఏ అతిథీ ఈ గడ్డ విడిచి వెళ్ళరాదు! వినడానికి ఎంత కమ్మగా ఉందో చూడండి. మనసొప్పి వెళ్ళేవాళ్ళ మాటేమిటని ఎవరో అడిగారు. మనసొప్పి వెళ్తున్నాడంటే మన దగ్గర ఏదో నచ్చకే కదా అని వాళ్ళ కోసం ఒక సవరణ తెచ్చారు. వాడికేం నచ్చలేదో కనుక్కుని, అది సరిచేసి, వాడికి నచ్చాకే పంపాలి. నచ్చాక ఎందుకు వెళ్తాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినవాడు ఎవడైనా ఉన్నా, ప్రమోషను ముందుంచుకుని నోరు మూసుకునే ఉంటాడు.

రాఘవులు గారిని కూచోబెట్టిన గదికి సంకల్ప నిర్ధారణ విభాగం అని పేరు. అక్కడి పెద్ద అధికారిణి ఒలిండా గారు లావుపాటి మనిషి, మంచి మనిషి. ముందుగా కొబ్బరినీళ్ళు ఇప్పించారు. అంబాజీపేటలో అలాంటి నీళ్ళు దూడకి పెడితే మూతి తిప్పుకుంటుంది.

"ఎటులున్నవి?" అని ఆవిడ మాటని బల్ల మీదున్న ఇంకో డబ్బా తెలుగు చేసింది.

"బ్రహ్మాండంగా ఉన్నాయండి."

"అతిథి యొక్క మమకారము వృద్ధి చెందినది," అని ఆవిడ పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించింది. "ఇక చెప్పుడు. 'వెళ్ళక తప్పదు' అని తమరు వాంగ్మూలమిచ్చినారు. తమరిని వెళ్ళగొట్టుచున్న దుర్మార్గులెవ్వరు?"

"దుర్మార్గులెవరూ లేరండి బాబూ. మా ఆవిడకి గుండె ఆపరేషనండి. రేప్పొద్దున్నకి నేనక్కడ ఉండాలండి."

"ఉండవలెనని ఎవరు శాసించినారు?"

"ఎవరు శాసిస్తారండీ, మా ఆవిడేనండి."

ఒలిండా గారు కుర్చీ ముందుకి లాక్కుంది. పాపం, ఎన్నాళ్ళ నుంచి ఇలాంటి కేసు కోసం ఎదురుచూస్తోందో. "భార్య! అనగా నిర్బంధించు పక్షము గృహమునందే కలదు. భయపడవలదు. ఈ దేశమున తమకు భార్య నుండి తాత్కాలిక ఆశ్రయము మంజూరు చేయబడును. సముద్రము కనిపించు గది, మూడు పూటలా భోజనము."

"ఆశ్రయం ఎందుకండీ! మా ఆవిడ మంచిదండి."

"బాధితులందరూ తొలుత ఇట్లే పలుకుదురు," అంది ఆవిడ జాలిగా.

చట్టం ప్రకారం రెండో పక్షం వాదన కూడా వినాలి కాబట్టి ఫోను చెయ్యనిచ్చారు. కాకినాడ ఆస్పత్రిలో మంగతాయారు ఫోనెత్తింది.

"ఏవండీ, విమానం ఎక్కారా?"

"ఎక్కుతున్నానే. ఇక్కడ చిన్న ఇది..."

"నాకు తెలుసండీ! ఎవరో ఉండమనుంటారు, మీరు సరేనుంటారు. ఏమన్నారు వాళ్ళతో?"

"ఉండాలనే ఉందన్నానే."

"ఎవరితోనైనా మర్యాదే మీకు. చూడండీ, మీరు ఎదురుగా నిలబడితే తప్ప బల్లెక్కనని డాక్టరు గారికి చెప్పేశాను. నాకు భయమేస్తోందండీ. మీరు రాకపోతే పొద్దున్నే సంచీ తీసుకుని ఇంటికెళ్ళిపోతాను. రండి, అంతే."

ఫోను పెట్టేసింది. డబ్బా తాపీగా, "కంఠస్వరమున ఆజ్ఞ స్పష్టముగా గుర్తింపబడినది. బెదిరింపు కూడ కలదు," అని ప్రకటించింది. ఒలిండా గారు తన చేతిరుమాలు తీసి రాఘవులు గారికి ఇచ్చింది.

ఆశ్రయం పనులు పూర్తయ్యేదాకా ఆయన్ని పక్క హాల్లో కూచోబెట్టారు. మెత్తటి సోఫాలు, పూలకుండీలు, కొబ్బరి లడ్డూలు. మూలగా సోఫాలో ఒక పెద్దావిడ కాళ్ళు బారజాపుకుని కూచుంది. నుదుటి మీద రూపాయంత బొట్టు. రాఘవులు గారి పంచె చూడగానే లేచి కూచుంది.

"మనోళ్ళా? ఏ ఊరయ్యా మీది?"

"అంబాజీపేటండి. ఆయ్. తమరూ?"

"తెనాలి. యడ్లపల్లి సామ్రాజ్యం అంటారు నన్ను. మా ఆడోళ్ళ టూరుతో వచ్చా. మిగతావాళ్ళంతా ఎళ్ళిపోయారు. నేనిక్కడే పడున్నా."

"తమరు కూడా ఉండాలనుందన్నారాండీ?"

"నాకేం ఖర్మ! నన్నూ ఉండాలనుందా అనడిగింది ఆ డబ్బా. 'నాకేం ఉండాలని లా. మీ దేశం నాకు నచ్చలా. పోతన్నా' అని మొహమ్మీదే చెప్పా."

"మరి పంపలేదాండీ?"

"ఎందుకు పంపుతారు? ఏం నచ్చలా అనడిగారు. కాఫీ బురదలాగుందన్నా. కాఫీకి కమిటీ ఏసి, పదిమంది నా ముందు కూచుని ఏడు రకాల కాఫీ తాగించారు. దిండు రాయిలాగుందన్నా. దిండు కుట్టేవాణ్ణి పిలిపించి నా తల కొలతలు తీసుకున్నారు. అయ్యి బాగయ్యాయి, ఇంక పంపండ్రా అంటే, ఇంకేమన్నా లోటుందా అంటారు. నన్ను పోనియ్యకపోవటమే లోటన్నా. అదీ రాసుకున్నారు."

"రాసుకుని?"

"దానికీ కమిటీ ఏశారు. ఆ కమిటీ నా మిగతా ఫిర్యాదులన్నీ తీరినాకే కూచుంటదంట. ఈ ఫిర్యాదు తీరిందాకా మిగతాయి తీరినట్టు కాదంట. ఏంది ఈ గోల?" సామ్రాజ్యం గారు లడ్డూ కొరికి, నచ్చక పక్కన పడేసింది. అంతే, ఎక్కడి నుంచో ఒక కుర్రది పరిగెత్తుకొచ్చి, సగం లడ్డూని తీసుకుని లోపలికి పోయింది. "చూశావా? ఇప్పుడు లడ్డూకి కూడా కమిటీ."

విమానం పిలుపు మొదటిసారి వినిపించింది. రాఘవులు గారు లేచి, కూచుని, మళ్ళీ లేచారు. తన భార్య సంగతంతా ఆవిడకి చెప్పుకున్నారు. ఆవిడ మొహం మెత్తబడింది.

"నీకు ఫిర్యాదేం లేదుగా? అయితే నువ్వు బయటపడొచ్చు. మళ్ళీ ఎళ్ళి, 'ఉండాలని లేదు, ఫిర్యాదూ లేదు' అని రెండు ముక్కలు చెప్పు. మొహమాటపడి చచ్చావో, ఇక్కడే నాతో పాటు లడ్డూలు తింటా కూచోవాల."

"మొహమ్మీదెలా అంటామండీ? నీళ్ళిచ్చారు, దండేశారు."

"ఎల్లుండి మీ ఆవిడ మొహం చూసి ఏమంటావు మరి?"

ఆ మాట ఈటెలా దిగింది. రాఘవులు గారు హాలు చివరిదాకా నడుస్తూ, "ఉండాలని లేదు, ఉండాలని లేదు" అని వల్లెవేసుకున్నారు. నోరు అలవాటు లేని దారి కదా, మొదట్లో మాట చివర 'అండి' వచ్చి పడుతూనే ఉంది. చివరికి ఎలాగో గుండె చిక్కబట్టుకుని గాజు గది ముందు నిలబడ్డారు. ఈసారి ఆయన పెద్ద కేసు కాబట్టి కుర్రాడి పక్కన ఒలిండా గారు కూడా వచ్చి కూచుంది. సామ్రాజ్యం గారు సోఫా మీద నుంచి మెడ చాపి చూస్తోంది.

"అతిథి మహాశయా! ఇచ్చట ఉండవలెనన్న అభిలాష కలదా?"

"ఉండాలని..." రాఘవులు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "లేదు!"

"సంతోషము. మా యెడల ఫిర్యాదు కలదా?"

"లేదు!"

ఉండాలనీ లేదు, ఫిర్యాదూ లేదు, మరెందుకు వెళ్తున్నాడో డబ్బాకి అంతు పట్టలేదు. కుర్రాడు ముద్ర ఎత్తాడు. ఒలిండా గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంతైనా మంచి మనిషి కదా, ఆగలేక, చట్టంలో లేకపోయినా, "ఇంక ఎన్నటికిని రారా?" అని అడిగింది.

"అయ్యో, ఎంతమాటండీ! మళ్ళీ వస్తాం కదండీ!" అనేశారు రాఘవులు గారు.

"నీ నోరు పడిపోను!" అంది వెనక నుంచి సామ్రాజ్యం గారు.

ముద్ర మళ్ళీ గాల్లోనే ఆగింది. దీనికి వేరే నియమం ఉంది. మళ్ళీ వచ్చేవాడు వెళ్ళడమెందుకు? వెళ్ళడానికొక విమానం, రావడానికొక విమానం, ఎంత ఇంధనం దండగ! వృథా ప్రయాణాల నివారణ విభాగం వాళ్ళు ఒక పెద్ద గొడుగుతో, ఇంకో పూలదండతో బయల్దేరారు. గొడుగెందుకో వాళ్ళకీ తెలీదు, నియమంలో ఉంది.

అప్పుడే విమానం ఆఖరి పిలుపు వినిపించింది. గాజు అవతల సత్తిపండు రెండు చేతులతో అద్దం బాదుతున్నాడు. రాఘవులు గారికి ఒక్కసారిగా ఆస్పత్రి గది కళ్ళకి కట్టింది. సంచీ సర్దుకుంటున్న తాయారు కనబడింది.

"నాకు మా తాయారు కావాలి!"

వల్లెవేసుకొచ్చిన ఆ రెండు 'లేదు'లు వదిలేస్తే, అధికారుల ముందు 'అండి' లేకుండా ఆయన మాట్లాడడం బుద్ధెరిగాక ఇదే మొదలు. గొడుగు పట్టుకొచ్చినవాడు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నన్నెవరూ తొయ్యట్లేదు. నాకు మీ మీద కోపమూ లేదు. నాకే వెళ్ళాలనుంది. మీ కొబ్బరినీళ్ళు చప్పగా చచ్చాయి, అయినా బాగున్నాయన్నాను, రేపడిగినా అదే అంటాను, నా బతుకంతా అలాగే గడిచింది. కానీ తాయారు రేప్పొద్దున్న బల్ల పక్కన నిలబడి తలుపు వైపు చూస్తుంది. ఆ తలుపులోంచి నేను రావాలి. రాకపోతే అది ఇంటికెళ్ళిపోతుంది, ఆ తర్వాత..." ఆయన గాజు గది అంచు పట్టుకున్నారు. "అది లేకపోతే నేనెవరితో మాట్లాడను? నాకు ఎవరి దగ్గరా రెండు ముక్కలు నిజం చెప్పడం చేతకాదు. దాని దగ్గరే చెప్తాను. నాకు అది కావాలి!"

ఆయన పదిమందిలోనూ భోరుమన్నారు. డబ్బా కాసేపు గుర్రుగుర్రుమంది. తర్వాత గొంతు తగ్గించి, "సమాధానము సంపూర్ణముగా స్పష్టమై యున్నది. నిర్బంధము లేదు. రేపును అతిథి నీళ్ళు బాగున్నవనియే పలుకును, కనుక ఫిర్యాదు లేదు. కోరిక కలదు," అంది.

అధికారులు చట్టం పుస్తకం మీద పడ్డారు. కోరుకుని వెళ్ళేవాళ్ళ కోసం అందులో నిజంగానే ఒక నియమం ఉంది. అసలు చట్టం పుట్టిందే దానికోసం. అయితే ఇన్నాళ్ళలో దాని కింద ఒక్కడూ రాలేదు కాబట్టి దానికి ముద్ర చెక్కించలేదు. ఉన్న ముద్రలు రెండే. వచ్చేవాళ్ళకి 'ప్రవేశం'. వెళ్ళేవాళ్ళకి 'జవాబు అస్పష్టం, పోవచ్చు'. సత్తిపండుకీ, ఆవులించిన ప్రెసిడెంటు గారికీ, ఇంతవరకూ ఆ దేశం దాటిన ప్రతివాడికీ పడింది ఆ రెండోదే.

"అదే కొట్టెయ్యండి బాబూ," అన్నారు రాఘవులు గారు.

ఒలిండా గారు చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "స్పష్టముగా పలికిన వానికి అస్పష్టము అని ముద్ర వేయుటయా? మాది అసత్యములాడు దేశము కాదు. నూతన ముద్రకై ప్రకటన ఇచ్చెదము. రాబోవు వర్షాకాలమునకు సిద్ధమగును."

సామ్రాజ్యం గారికి ఒళ్ళు మండింది. "అంత ఇదిగా ఉంటే లోపలికొచ్చే ముద్దరే కొట్టండయ్యా! తలుపులోకి పోతన్నాడుగా, అదీ లోపలికి రావటమే! చచ్చిందాకా మీ దేశంలోనే ఉన్నాడని రాసుకోండి, మీకూ మురిపెం తీరుద్ది!"

ఆవిడ తిట్టింది. డబ్బా దాన్ని ఒక్క పొల్లు పోకుండా తర్జుమా చేసింది. అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిర్గమన ద్వారములోనికి ప్రవేశించుచున్నవాడు ప్రవేశించుచున్నవాడే కదా! ఎవరూ అబద్ధమాడినట్టు కాదు, ఎవరూ వెళ్ళినట్టూ కాదు. ఇంత చక్కటి ఆలోచన ఆ దేశంలో చట్టం వచ్చాక పుట్టలేదు. రాఘవులు గారి పాస్‌పోర్టు మీద 'ప్రవేశం' అని ఠపీమని పడింది. అక్కడికక్కడే సామ్రాజ్యం గారి మెళ్ళో దండ వేసి ఫిర్యాదుల విభాగానికి గౌరవ సలహాదారుగా నియమించారు. "నాకొద్దురా బాబూ!" అని ఆవిడ మొత్తుకుంటే ఫిర్యాదుగా రాసుకున్నారు.

రాఘవులు గారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. వెనక నుంచి ఒలిండా గారు ఏదో కేకేసింది. బహుశా మంచి మాటే అయ్యుంటుంది. ఆయన రెండు చేతులతో నోరు నొక్కుకుని వెనక్కి చూడకుండా విమానంలో పడ్డారు.

పొద్దున్న ఆయన వెళ్ళేసరికి మంగతాయారు సంచీ చేత్తో పట్టుకుని మంచం దిగి ఉంది. ఆయన్ని చూసి సంచీ కింద పెట్టింది. "మెళ్ళో ఆ దండేంటండీ?" అని ఒక్క మాట అడిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళి బల్లెక్కింది. ఆపరేషను బాగా జరిగింది.

తాయారు ఇంకా ఆస్పత్రిలో ఉండగానే కొరాలియా నుంచి సామ్రాజ్యం గారు ఫోను చేసింది. గొంతులో కొంచెం దర్జా వచ్చింది. "ఉద్యోగం బానే ఉందయ్యా. నన్నెవరూ పంపట్లా, నేనూ ఎవర్నీ పంపట్లా. మొన్న అతిథుల దినం చేశారు. నువ్వొకటికి రెండుసార్లు వచ్చి ఒక్కసారి కూడా పోలేదంట, ఉత్తమ అతిథి అని నీ పేరు చదివారు. నీ తరపున దండ నేనే ఏయించుకున్నా. దండ ఏం బాలా, పూలు వాడిపోయినై," అంది.

ఇంటికి వెళ్ళే రోజు వచ్చింది. రాఘవులు గారు సామాను సర్దుకుంటున్నారు. ఇన్నాళ్ళూ తాయారుని కనిపెట్టుకున్న నర్సమ్మ, మంచి పిల్ల, గుమ్మం దాకా వచ్చి, "వెళ్ళిపోతున్నారా పిన్నిగారూ? ఇంకో రెండ్రోజులుండి వెళ్ళకూడదూ?" అంది నవ్వుతూ.

తాయారు మొహం విప్పారింది. కోనసీమ మనిషి కదా. "అయ్యో, ఉండాలనే ఉందమ్మా. ఏం చేస్తాం, వెళ్ళక..."

చేతిలో ఫ్లాస్కు భళ్ళున పడేసి రాఘవులు గారు ఒక్క గెంతు గెంతి ఆవిడ నోరు మూశారు. "లేదు! దానికి ఉండాలని లేదు! నాకు కావాలి, నేను తీసుకుపోతున్నాను!"

వార్డు వార్డంతా ఇటు తిరిగింది. నర్సమ్మ బిత్తరపోయి, "అదేంటండీ బాబాయ్‌గారూ, మా వల్ల ఏమైనా లోటు జరిగిందాండీ?" అంది.

రాఘవులు గారు అటూ ఇటూ చూశారు. జేబులోంచి సత్తిపండు ఇచ్చిన కిళ్ళీ తీసి నోటినిండా కుక్కుకున్నారు.

"ఊఁ," అని తాయారు చెయ్యి పట్టుకుని, ఆటో ఎక్కేదాకా మళ్ళీ నోరు తెరవలేదు.